కాగితం మీద నూట నలభై

ప్రియమైన మిరపకాయ అక్కకి,

ఫోనులో అయితే సగం మాటకే అరవడం మొదలుపెడతావు. ఉత్తరమైతే చివరిదాకా చదివి అరుస్తావు, అదీ నాకు వినపడదు. అందుకే హాస్టలు రోజుల అలవాటు మానలేకపోతున్నాను.

ఇది జరిగి మూడు రోజులైంది. ఎవరికో ఒకరికి చెప్పుకోవాలి. నీకు చెబుతున్నాను, నీ పత్రికకి కాదు. ఈ తేడా గుర్తుపెట్టుకో.

మా కాన్పుల గదికి నువ్వు ఒకసారి వచ్చి గుమ్మంలోంచే తిరిగి పోయావు. ఆరు మంచాలు. మధ్యలో తెరలు, సగం కొక్కేలు ఊడి వేలాడుతుంటాయి. ఆరుగురికీ నేనొక్కదాన్నే నర్సుని, సాయానికి ఒక ఆయా. డాక్టరమ్మ ఆపరేషన్ గదికీ మాకూ మధ్య పరిగెడుతూ ఉంటుంది. బిడ్డ గుండె వినే మిషన్ ఒక్కటే ఉంది. తల్లి పొట్టకి రెండు బెల్టులు కడతాం. ఒకటి నొప్పులు పట్టుకుంటుంది, రెండోది బిడ్డ గుండె చప్పుడు పట్టుకుంటుంది. నిమిషానికి ఎన్నిసార్లు కొట్టుకుంటోందో అంకె వెలుగుతుంది, కింద పేపరు పట్టీ మీద గీత పడుతూ పోతుంది. నూట పదికీ నూట అరవైకీ మధ్య ఉంటే బిడ్డ బాగున్నట్టు. పడిపోయి లేవకపోతే లోపల వాడికి ఊపిరి అందడం లేదని.

ఆ గదిలో దెబ్బలు మామూలే. అరిస్తే తొడ మీద చరుస్తారు. కాళ్ళు దగ్గరకి ముడుచుకుంటే గుడ్డపీలికలతో మంచానికి కడతారు. 'కడుపు తెచ్చుకున్నప్పుడు లేని ఏడుపు ఇప్పుడెందుకు' అని ఒకటే పాట. చరుస్తారు, కడతారు అని రాస్తున్నాను గాని, అక్కా, చరిచిన చేతుల్లో నావీ ఉన్నాయి.

మొన్న వచ్చినామె స్కూలు యూనిఫాంలు కుట్టే షెడ్డులో పనిచేస్తుంది. తొలిచూలు. భర్త వెల్డరు, బయట మెట్ల మీద కూర్చున్నాడు. మధ్యాహ్నం రెండింటికి నొప్పులు ముదిరాయి. ఆమె గొంతు చీరుకుపోయేలా అరుస్తోంది. ఆయా తల దగ్గర నిలబడి, రెండు చేతులతో ఆమె చెయ్యి ఆఖరిదాకా వదలకుండా పట్టుకుని, ఏదో గొణుగుతూనే ఉంది. మిషన్ మాత్రం నల్లేరు మీద బండిలా నడిచింది. నూట ముప్ఫై, నూట నలభై. చివరిదాకా నూట నలభై.

డాక్టరమ్మ వచ్చేసరికి తల కిందికి దిగింది గాని బయటికి రావడం లేదు. అప్పుడు ఆయా ఎవరినీ అడగకుండా స్టూలెక్కి, రెండు మోచేతులూ పొట్ట మీద ఆనించి, ఒంటి బరువంతా వేసి నొక్కింది. మూడుసార్లు. మూడోసారి పక్కటెముక విరిగిన చప్పుడు నాకు వినపడింది. బిడ్డ తడిగుడ్డలా జారింది. మగపిల్లవాడు. తెల్లగా ఉన్నాడు, కదల్లేదు, ఏడవలేదు. గాలి బ్యాగు పెట్టి నొక్కితే పదో నిమిషానికి ఒక్కసారి ఎగశ్వాస తీశాడు.

కేసు షీటులో అంతా బాగుంది కదా, పుట్టుకలో తేడా ఏమీ లేనట్టుందే, ఇన్‌ఫెక్షనేమో అని పిల్లల డాక్టరు మందులు మొదలుపెట్టాడు. సాయంత్రానికి వాడు పెదాలు చప్పరించడం, సైకిలు తొక్కినట్టు కాళ్ళు ఆడించడం మొదలుపెట్టాడు. అవి ఫిట్స్. మర్నాడు స్కానింగులో తేలింది, పుట్టే ముందు ఊపిరి అందక మెదడు దెబ్బతింది.

నువ్వు ఏమీ చెయ్యకు. చదివి ఊరుకో.

నీ
నత్త

ప్రియమైన నత్తకి,

చదివి గ్లాసు పగలగొట్టాను. ఉన్నది మూడే గ్లాసులు, ఇప్పుడు రెండు.

ఊరుకో అని ఎంత తేలిగ్గా రాశావే. రోడ్డు మీద ఒక ఆడమనిషి కాళ్ళు కట్టేసి పక్కటెముక విరగ్గొడితే పదిమంది పరిగెత్తుకొస్తారు. అదే పని ఒక గదిలో, తలుపేసి, తెల్లబట్టలు వేసుకుని చేస్తే దానికి వైద్యం అని పేరు. పైగా ఆమె ఇంటికి వెళ్ళేటప్పుడు దణ్ణం పెట్టి వెళ్ళాలి. 'ఆడదానికి నొప్పి తప్పదు' అన్న ఒక్క ముక్కని అడ్డం పెట్టుకుని ఎన్ని తరాలుగా కొడుతున్నారు వీళ్ళు? నొప్పి తప్పదు, నిజమే. దెబ్బ కూడా తప్పదని ఎవడు చెప్పాడు?

ఆరు మంచాలకి ఒక నర్సు చాలని సంతకం పెట్టినవాడు ఒకడుంటాడు. వాడి భార్య అక్కడ కనదు. ఒక్క మిషన్‌తో సరిపెట్టుకోండి అన్నవాడు ఇంకొకడుంటాడు. వాడి కూతురూ అక్కడ కనదు. ఏ అర్హతా లేని మనిషి స్టూలెక్కి ఒక తల్లి పొట్ట మీద పడుతుంటే పక్కన డాక్టరూ నర్సూ ఉండి కూడా అదేదో ఆనవాయితీ అన్నట్టు చూశారు. నిన్ను కూడా కలిపే అంటున్నాను. కోపం తెచ్చుకో, పరవాలేదు.

రెండు విషయాలు రాయి. మిషన్ బాగుందని చెబుతుంటే బిడ్డకి ఊపిరి ఎలా ఆడకుండా పోయింది? ఆ పేపరు పట్టీ ఇప్పుడు ఎవరి దగ్గరుంది?

నా నాలుగు పేజీల వారపత్రికని నువ్వు పకోడీల పొట్లం అంటావు. ఈ వారం ఆ పొట్లం కాస్త కాలుతుంది.

నీ
అక్క

ప్రియమైన అక్కకి,

వెయ్యొద్దు. కాళ్ళు పట్టుకుంటాను, వెయ్యొద్దు.

ఇక్కడ విచారణ మొదలైంది. పెద్ద సిస్టరు ఒక్కొక్కరినీ గదిలోకి పిలిచి తలుపేస్తోంది. పేపరు పట్టీ దొరకలేదు. కేసు షీటులో మాత్రం అరగంటకోసారి నూట నలభై అని రాసి ఉంది, నా చేతిరాతే. మిషన్ ఎందుకలా చూపించిందో నాకు తెలీదు. మిషన్లన్నాక తప్పు చూపించవా?

పిల్లాడి ఫిట్స్ మందుకి లొంగడం లేదు. తాగే శక్తి లేదు, ముక్కులోంచి గొట్టం వేశారు. ఆ అమ్మాయి విరిగిన ఎముకతో వంగలేక, గాజు పెట్టె పక్కన నిలబడే ఉంటుంది. నన్ను చూస్తే 'సిస్టరమ్మా, ఆ రోజు వాడి గుండె బాగానే కొట్టుకుంది కదా, మీరే కదా చెప్పారు' అంటుంది. రోజుకి నాలుగుసార్లు అడుగుతుంది. నాలుగుసార్లూ అవునంటున్నాను.

ఆయా ఎవరితోనూ మాట్లాడటం లేదు. నేల తుడుస్తూ తుడుస్తూ నా వైపు చూస్తుంది. ఇరవై తొమ్మిదేళ్ళుగా ఆ గదిలో ఉంది ఆవిడ.

నీ
నత్త

ప్రియమైన నత్తకి,

నీ ఉత్తరం అందేసరికి అచ్చయిపోయింది. కత్తిరించి దీనితో పంపుతున్నాను. ముందే అందినా వేసేదాన్నే, అబద్ధమెందుకు.

ఆస్పత్రి పేరు లేదు, నీ పేరు లేదు, ఎవరి పేరూ లేదు, కుట్టు షెడ్డులో పనిచేసే తొలిచూలు తల్లి అని మాత్రం ఉంది. 'పొట్ట మీద ఎక్కిన ఆయా' అని పైన పెద్దక్షరాల్లో పెట్టాను. కింద నర్సులు ఎంతమంది ఉండాలి, మిషన్లు ఎన్ని ఉండాలి అన్నదంతా రాశాను. మా టీ కొట్టాయన నా పత్రిక పెట్టిన పదేళ్ళలో మొదటిసారి డబ్బిచ్చి కొన్నాడు. బస్టాండులో చదివి వినిపిస్తున్నారట. ఎవరో ఫొటో తీసి అందరికీ పంపుతున్నారట. జనం ఉడికిపోతున్నారు. ఉడకనీ. చల్లారిన జనంతో ఎవరికి లాభం?

నువ్వు భయపడకు. నిజం రాశాం. నిజం రాసినవాళ్ళం భయపడితే ఇక వాళ్ళకి అడ్డేముంది.

నీ
మిరపకాయ

అక్కకి,

ట్రంకు పెట్టె మూత మూసి, దాని మీద కాగితం పెట్టి రాస్తున్నాను. అక్షరాలు చూసి తిట్టకు.

గురువారం ఉదయం పదిన్నరకి వచ్చారు. ఇరవై మంది దాకా ఉంటారు. ముందు కిటికీ అద్దాలు పోయాయి. తర్వాత మందుల బండి. నొప్పులు పడుతున్న నలుగురు మంచాల మీంచి లేవలేక చేతులు మొహాలకి అడ్డం పెట్టుకున్నారు. ఒకామె ఒంటి నిండా గాజుపెంకులు. వెల్డరు ముందున్నాడు. వాడి చేతిలో మా సెలైన్ స్టాండే ఉంది. 'ఎవతె ఆ ఆయా' అన్నాడు. అరవలేదు, మామూలుగా అడిగాడు. అందుకే ఎక్కువ భయమేసింది.

ఆవిడ బకెట్టు దించి 'నేనే నాయనా' అంది.

మొదటి దెబ్బ భుజం మీద. పడింది. జుట్టు పట్టి వరండాలోకి ఈడ్చారు. మోకాలితో మొహం మీద గుద్దారు, పళ్ళు నేల మీద పడ్డాయి. ఇనుప స్టాండు ఎత్తినప్పుడు ఆవిడ కుడిచెయ్యి అడ్డం పెట్టింది. మణికట్టు ఎముక బయటికి వచ్చింది. అప్పుడు కూడా ఆవిడ నా పేరు చెప్పలేదు. వెల్డరు పక్కింటివాడెవడో నీ పత్రిక ముక్క ఆవిడ నోట్లో కుక్కాడు.

నేను దుప్పట్ల గదిలో ఉన్నాను. లోపల గడియ పెట్టుకున్నాను. తలుపు సందులోంచి చూశాను.

పోలీసులు వచ్చి వెల్డర్ని తీసుకెళ్ళారు. ఆస్పత్రివాళ్ళు మంచం మీదున్న ఆయాకి కాగితం పంపారు, ఉద్యోగంలోంచి తీసేశామని. తీగ లాగితే డొంక కదులుతుందని తీగనే కోసేశారు.

నీ
చెల్లి

ప్రియమైన చెల్లికి,

నాలుగు రోజులుగా ఈ ఉత్తరం రాసి చింపుతున్నాను.

ముందు నా సంగతి. పైవాళ్ళని కొట్టాలని కలం ఎత్తి, అందరికన్నా కింద ఉన్న మనిషి నెత్తిన దించాను. నర్సుల లెక్కా మిషన్ల లెక్కా ఎవరు చదివారు? పెద్దక్షరాలు చదివారు. ఆ పెద్దక్షరాలు పెట్టింది నేను. కోపం మంచిదే అని ఇరవై ఏళ్ళుగా వాదిస్తున్నాను, ఇప్పటికీ వాదిస్తాను. కానీ కోపానికి చిరునామా తప్పు రాసి పంపితే అది వెళ్ళి ఎవరింటి తలుపు విరగ్గొడుతుందో చూశాను. వెల్డరు మీద ఉన్నంత కేసు నా మీదా ఉండాలి. స్టేషనుకి వెళ్ళి అదే చెప్పాను. ఎస్సై నవ్వి 'అమ్మా, ఇంటికెళ్ళండి' అన్నాడు. ఆడదాని కోపాన్ని కేసు కట్టడానికి కూడా పనికిరానిదనుకుంటారు.

ఇప్పుడు నీ సంగతి. నేను అచ్చుకి ముందు ప్రతి వాక్యం రెండుసార్లు చూసే మనిషిని. నీ మొదటి ఉత్తరాన్ని మాత్రం చూడలేదు, చెల్లెలిది కదా అని. ఇప్పుడు చూశాను. ఆయా తల దగ్గర నిలబడి రెండు చేతులతో ఆమె చెయ్యి ఆఖరిదాకా పట్టుకుందని రాశావు. నాలుగు వాక్యాల తర్వాత అదే ఆయా స్టూలెక్కి రెండు మోచేతులతో నొక్కిందని రాశావు. ఆవిడకి ఎన్ని చేతులే?

రెండో ఉత్తరంలో పట్టీ దొరకలేదన్నావు. ఎవరికి దొరకలేదో రాయలేదు. మూడో ఉత్తరంలో 'నా పేరు చెప్పలేదు' అన్నావు. దెబ్బలు తింటున్న మనిషి నీ పేరు ఎందుకు చెప్పాలి?

నత్త అని నీకు పేరు పెట్టింది నేనే. నెమ్మదిగా నడుస్తావని పెట్టాను. భయమేస్తే గుల్లలోకి ముడుచుకుంటావని తెలిసి పెట్టలేదు.

నిజం రాయి. రాసేదాకా నా నుంచి ఉత్తరం రాదు.

అక్క

ప్రియమైన అక్కకి,

రెండు నెలలు పట్టింది. నువ్వన్నట్టు ఉత్తరం రాలేదు. పోస్టుమాన్ కూడా అడిగాడు, మీ అక్కగారికి ఒంట్లో బాగాలేదా అని.

స్టూలెక్కింది నేను. డాక్టరమ్మ 'నొక్కు' అంది, ఎక్కాను. విరిగిన చప్పుడు నాకు వినపడింది అని రాశాను, నిజమే. నా మోచేతి కిందే విరిగింది మరి.

ఆయా ఆ అమ్మాయి మణికట్టు పట్టుకుని నిలబడింది. మిషన్లు లేని రోజుల్లో ఎప్పుడో చచ్చిపోయిన ఒక పెద్ద నర్సు ఆవిడకి నేర్పిందట, తల్లి నాడి మీద వేలు తియ్యకు అని. గొణుగుతోంది అని రాశాను కదా. గొణగలేదు, నాతోనే చెప్పింది. 'అమ్మా, మిషన్ టక్కుమన్నప్పుడల్లా ఈ పిల్ల నాడి కూడా టక్కుమంటోంది. రెండూ ఒకటే పోతున్నాయి. ఇది బిడ్డది కాదేమో చూడండి.' రెండుసార్లు చెప్పింది. ఐదు మంచాల మీంచి పిలుస్తున్నారు నన్ను. నీకేం తెలుసు, నేల తుడువు అన్నాను.

మిషన్‌ని నమ్ముకున్న మాలాంటి వాళ్ళే చేసే తప్పు అది, అక్కా. బిడ్డ గుండె నెమ్మదించి బలహీనపడితే, బెల్టు పక్కనే ఉన్న తల్లి రక్తనాళం చప్పుడు పట్టుకుంటుంది. ముక్కేటప్పుడు తల్లి గుండె నూట నలభై దాకా పరిగెడుతుంది. అంకె అందంగా ఉంటుంది. అది బిడ్డదే అనుకుంటాం. అప్పటికప్పుడు కనిపెట్టడానికి మాకున్నది ఒక్కటే మార్గం, తల్లి మణికట్టు మీద వేలు పెట్టి పోల్చుకోవడం. ఆ గదిలో ఆ పని చేసిన మనిషి ఒక్కతే, ఆవిడకి నాడి చూసే హోదా లేదు.

ఇక్కడితో అయిపోతే తప్పు అనొచ్చు. తర్వాత చేసినదానికి ఆ పేరు చాలదు.

డ్యూటీ దిగే ముందు పట్టీ మడత పెడుతూ చూశాను. నొప్పి వచ్చిన ప్రతిసారీ గీత పైకి లేచింది. బిడ్డ గుండె చాలాసార్లు నొప్పికి కిందికి దిగుతుంది. ముక్కేటప్పుడు నొప్పి నొప్పికీ లేచేది తల్లి గుండె. ఒక్క చూపుకి తెలిసిపోయింది. అప్పటికి వాడు పుట్టి నాలుగు గంటలు. ఊపిరి అందని బిడ్డని ఆరు గంటల్లోపు ఒళ్ళు చల్లబరిచే వైద్యంలో పెడితే మెదడు దెబ్బ కొంతైనా తగ్గే వీలుంది. ఆ ఏర్పాటు ఉన్న ఆస్పత్రి గంట దూరంలో ఉంది. నేను వెళ్ళి పిల్లల డాక్టరుకి ఆ కాగితం చూపిస్తే చాలు. రెండు గంటలు ఉంది నా చేతిలో. పట్టీని నాలుగు మడతలు పెట్టి లాకర్లో పెట్టి తాళం వేశాను. ఇంటికెళ్ళి స్నానం చేశాను.

మూడు రోజుల తర్వాత నీకు ఉత్తరం రాసి ఆయా మీద పెట్టాను. నువ్వు అచ్చు వేస్తావని నాకు తెలుసు, అక్కా. వద్దు వద్దు అంటూనే తెలుసు. నీ కోపాన్ని నేను వాడుకున్నాను. కాబట్టి చిరునామా తప్పు రాసింది నువ్వు కాదు.

మొన్న ఆయా ఇంటికి వెళ్ళాను. కుడిచెయ్యికి ఇనుప కడ్డీలు బిగించారు. పెదవికి కుట్లేసిన చోట మాట తడబడుతోంది. అంతా చెప్పాను. తిట్టలేదు. 'మిషన్ కన్నా నా వేళ్ళు పాతవి, అందుకే ఎవరికీ ఆనలేదు' అంది. నేను ఏడిస్తే విసుక్కుంది. 'ఇక్కడెందుకు ఏడుస్తున్నావ్? చెప్పాల్సింది నాకా? ఆ పిల్లకి చెప్పావా?'

నిన్న పట్టీ నకలు ఒకటి విచారణాధికారికి, ఒకటి స్టేషనులో ఇచ్చాను. నా సంతకంతో వాంగ్మూలం కూడా. అసలుది తీసుకుని వాళ్ళింటికి వెళ్ళాను. ఒక్క గది. కుట్టుమిషన్ పక్కనే ఉయ్యాల. వెల్డరు జామీను మీద వచ్చి ఉన్నాడు. పట్టీ నేల మీద పరిచాను, గుమ్మం దాకా వచ్చింది. వేలు పెట్టి చూపిస్తూ చెప్పుకుంటూ పోయాను. వాడు పుట్టిన నాలుగో గంటకి పట్టీ దాచేసిన సంగతి దగ్గరికి వచ్చేసరికి వెల్డరు లేచి కుర్చీ ఎత్తాడు. నేను కదల్లేదు. ధైర్యం కాదు, గుమ్మం దాకా పట్టీయే పరిచి ఉంది.

ఆమె అతన్ని చూడకుండానే 'దించు. ఒకసారి తప్పు మనిషిని కొట్టావు, ఇక నీ చెయ్యి ఎవరి మీదకీ లేవకూడదు' అంది. కుర్చీ దించాడు. గోడకి నుదురు ఆనించి నిలబడ్డాడు.

ఆమె పట్టీ మీద అరచెయ్యి ఆనించి అడిగింది. 'అయితే ఇదంతా నా గుండెనా?'

అవునన్నాను.

'మరి వాడిది ఎవరూ వినలేదా?'

ఒక్క మనిషి చెప్పింది, నేను వినలేదు అన్నాను.

అప్పుడు కొట్టింది. చెంప మీద, చెవి మీద, మళ్ళీ చెంప మీద. చివర్లో నా జుట్టు పట్టుకుని తల కుట్టుమిషన్ కొయ్యకి కొట్టింది. కనుబొమ్మ చిట్లింది. ఆమె పక్కటెముక ఇంకా పూర్తిగా అతుక్కోలేదు. కొట్టిన ప్రతిసారీ తనే మూలిగింది.

ఉయ్యాల్లో వాడు పెదాలు చప్పరించాడు.

ఇద్దరం ఆ చప్పుడు గుర్తుపట్టాం. నేనే ముందు చేరాను. వాణ్ణి పక్కకి తిప్పి పడుకోబెట్టి, నోరు తుడిచి, మోచేతి పైన లోపలివైపు వేలు పెట్టాను. చంటిపిల్లలకి మణికట్టు దగ్గర నాడి సరిగ్గా దొరకదు. కాళ్ళు గాలిలో తొక్కుతున్నాడు. నా కనుబొమ్మ నెత్తురు వాడి చొక్కా మీద పడుతోంది. ఆమె వచ్చి పక్కన కూలబడింది. నా చెయ్యి లాగేస్తుందనుకున్నాను.

ఇదంతా వెయ్యి, అక్కా. ఈసారి నేనే అడుగుతున్నాను. నా పేరుతో, పెద్దక్షరాల్లో. కింద నర్సుల లెక్క కూడా వెయ్యి, అదీ నిజమే. కానీ నా తప్పు ఆ లెక్కలో కలిపెయ్యకు. ఒక్క నర్సునే పెట్టింది వాళ్ళు. లాకరుకి తాళం వేసింది నేను.

ఆమె నా చెయ్యి లాగెయ్యలేదు. వాడి మొహం చూస్తూ 'లెక్కపెట్టు' అంది. 'పైకి. నాకు వినపడేలా.'

ఒకటి దగ్గర్నుంచి మొదలుపెట్టాను.

నీ
చెల్లి